పుంజు పెట్టే గుడ్లు

కృష్ణగిరి జిల్లాలో కుందారపల్లి సంతకో, పోచంపల్లి సంతకో పుంజును కొనడానికి పోయినవాళ్ళు ముందుగా దాని తల చూస్తారు. తురాయి ఎర్రగా, నెత్తికి అంటుకున్నట్టు బిగువుగా ఉండాలి. తర్వాత రెక్క విప్పి ఈక చూస్తారు, కాళ్ళ పొలుసుల రంగు చూస్తారు, ఛాతీ కింద అరచెయ్యి పెట్టి ఒకసారి పైకెత్తి బరువు అంచనా కడతారు. “కాళ్ళు చూడన్నా, పసుపు పూసినట్టుండాయి” అని అమ్మేవాడు ఊరిస్తాడు. “కాళ్ళు బాగానే ఉండాయిలే, ధరే బాగలేదు” అని కొనేవాడు గునుస్తాడు. ఎంతసేపు సాగినా ఈ బేరంలో గుడ్డు ఊసు రాదు.

పుంజు గుడ్డు పెట్టదన్నది నిజమే. కానీ పది పెట్టల మధ్య ఒక్క పుంజును వదిలితే, వచ్చే ఏడు ఆ పెరట్లో గుడ్డుకొచ్చే ప్రతి పెట్టకూ అదే తండ్రి. ఒక్కో పెట్ట గుణం దాని పిల్లల వరకే పోతుంది. పుంజు గుణం మొత్తం మందకు పాకుతుంది. పెరటి కోళ్ళ పెంపకంలో పుంజును ఎంచుకోవడాన్ని మించిన నిర్ణయం లేదు, దాన్ని మనం తురాయీ ఈకా కాలి రంగూ చూసి తేల్చేస్తున్నాం. ఈ మూడూ ఎలా వస్తాయో, వీటి చాటున గుడ్డు ఎలా దాక్కుంటుందో చూద్దాం.

ఈ సంగతి చెప్పుకోవడానికి హోసూరు, కృష్ణగిరి ప్రాంతం కంటే మంచి చోటు దొరకదు. బాగలూరు, బేరికె, శూలగిరి, వేపనపల్లి, కెలమంగలం, దేంకణికోట, తళి – ఈ ఊళ్ళలో ఇంట్లో తెలుగు, ఆఫీసులో తమిళం, బెంగళూరు బస్సెక్కితే కన్నడం. కోళ్ళూ అంతే. కోలారు, చిత్తూరు జిల్లాల సొంత జాతి ఘాగస్‌కు ఇది పొరుగు నేల. అసీలు ఇటు తమిళనాడులోనూ అటు రాయలసీమలోనూ ఉన్నదే. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం తయారుచేసిన గిరిరాజ, హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ ఇచ్చిన వనరాజా, గ్రామప్రియ ఈ పల్లెలకు దూరం కావు. దక్షిణాన నామక్కల్‌లో లక్షల తెల్ల లెగ్‌హార్న్ పెట్టలు ఫారాల్లో గుడ్లు పెడుతున్నాయి. హోసూరు పక్కనే మత్తిగిరిలో, 1824లో సైన్యానికి గుర్రాల కోసం మొదలైన పశుక్షేత్రం ఉంది. ఆ మత్తిగిరిలోనే ఇవాళ తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం వారి కోళ్ళ కళాశాల నడుస్తోంది. ఇంటర్ పూర్తిచేసిన పిల్లలు కోళ్ళ మీదే బి.టెక్ చదువుకునే చోటు అది.

ముందు తురాయి సంగతి. గుణాలు తరం నుంచి తరానికి ఎలా దిగుతాయో చెప్పే మెండెల్ బఠాణీ సూత్రాలు 1900లో మళ్ళీ వెలుగులోకి వచ్చినప్పుడు అందరికీ వచ్చిన అనుమానం ఒకటే: మొక్కలకు సరే, జంతువులకూ ఇవే లెక్కలా? కేంబ్రిడ్జిలో విలియం బేట్సన్ దీనికి జవాబును కోడి నెత్తి మీద వెతికాడు. రంపపు పళ్ళలా నిలబడే ఒంటి తురాయి ఒకటి. బుడిపెలతో వెడల్పుగా పరుచుకుని వెనక్కి మొనదేలే గులాబి తురాయి మరొకటి. ఈ రెండు రకాలనూ కలిపితే పిల్లలన్నీ గులాబి తురాయితో పుట్టాయి. ఆ పిల్లలను వాటిలో వాటికే కలిపితే, నాలుగింట ఒకదానికి తాత కాలపు ఒంటి తురాయి తిరిగొచ్చింది. 1902లో అచ్చయిన ఈ ఫలితంతో మెండెల్ సూత్రం జంతువులకూ వర్తిస్తుందని మొదటిసారి రుజువైంది.

మూడేళ్ళ తర్వాత బేట్సన్, ఆయన సహచరుడు పన్నెట్ ఇంకో వింత చూశారు. అసీలుకు ఉండేది మూడు వరసలుగా, నెత్తికి అణిగి ఉండే బఠాణి తురాయి. గులాబి తురాయి కోడినీ బఠాణి తురాయి కోడినీ కలిపితే, తల్లిదీ తండ్రిదీ కాని నాలుగో రకం పుట్టింది. అక్రోటు కాయలా ముడతలు పడిన తురాయి అది. ఆ పిల్లలను కలిపితే ప్రతి పదహారింటికీ తొమ్మిది అక్రోటు, మూడు గులాబి, మూడు బఠాణి, ఒకటి ఒంటి తురాయి. అమ్మమ్మలకూ తాతలకూ లేని ఒంటి తురాయి మనవడి నెత్తి మీద మొలిచింది. రెండు వేర్వేరు జన్యువులు కలిసి ఒకే అవయవాన్ని మలుస్తాయని ప్రపంచానికి తెలిసింది ఈ లెక్కతోనే. మన సంతల్లో ‘జాతి తప్పింది’ అని ధర తగ్గించే కోడిపిల్లల్లో చాలావాటి కథ ఇదే. వాటి తల్లిదండ్రుల్లో మోసమేమీ ఉండదు, లోపల దాగినది బయటపడుతుందంతే.

బఠాణి తురాయి వెనక ఉన్న జన్యువును 2009లో కనుక్కున్నారు. సాక్స్5 అనే జన్యువులోపలి ఒక ముక్క పదేపదే నకలై పేరుకోవడం దానికి కారణం. తురాయితో పాటు గొంతు కింద వేలాడే ఎర్రటి తోలుమడతలూ చిన్నవవుతాయి. ఎదుటి పుంజు ముక్కుకు చిక్కదు కాబట్టి పందేలవాళ్ళు తరతరాలుగా ఈ తలనే ఏరుకున్నారు. పందేలు చట్టరీత్యా నేరం, కత్తులు కట్టడం అంతకు మించిన క్రూరత్వం. కానీ అసీలు శరీరాన్ని మలచింది మాత్రం ఆ ఎంపికే. 19వ శతాబ్దంలో ఇంగ్లండులోని కార్న్‌వాల్‌కు చేరిన మన అసీలు నుంచి అక్కడివాళ్ళు కార్నిష్ జాతిని తయారుచేశారు. ఇవాళ ప్రపంచమంతా తినే బ్రాయిలర్ కోడికి తండ్రివైపు వంశం ఆ కార్నిష్‌దే. హోసూరు హైవే హోటళ్ళలో చికెన్ బిర్యానీ తినే ప్రతివాడి పళ్ళెంలోనూ అసీలు రక్తం కొంత ఉన్నట్టే లెక్క.

తురాయికి ఇంకో పనీ ఉంది. కోడికి చెమట పట్టదు. ఒంట్లో వేడి పోవడానికి తురాయిలో పారే రక్తం ఒక దారి. లెగ్‌హార్న్ పెద్ద తురాయి ఎండకు మేలు, గడ్డకట్టే చలికి చేటు. సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న హోసూరులో కోడికి తురాయి గడ్డకట్టేంత చలి ఎప్పుడూ ఉండదు. కిందనున్న కృష్ణగిరిలో మే నెల ఎండ మాత్రం గట్టిదే. అందుకని ఇక్కడ తురాయి చిన్నదిగా ఉండాలన్న పట్టుదల అందం కోసమే అనుకోవాలి.

గులాబి తురాయిని ఇష్టపడేవాళ్ళకు ఒక చిక్కుముడి ఉంది. నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే. ఇంగ్లండులో, అమెరికాలో వయన్‌డాట్ లాంటి గులాబి తురాయి జాతులను పోటీల కోసం వందేళ్ళకు పైగా ఏరి ఏరి పెంచారు. ఒంటి తురాయి పిల్ల పుట్టగానే పక్కన పెట్టేశారు. అయినా ప్రతి తరంలోనూ ఏదో ఒక గూట్లో ఒంటి తురాయి తల ఎత్తుతూనే ఉంది. ఇంత కచ్చితంగా ఏరితే ఆ గుణం ఎప్పుడో చాలా అరుదైపోవాలి. ఎందుకు పోలేదు?

జవాబు 2012లో దొరికింది. కోడి ఏడో క్రోమోజోములో 74 లక్షల డీఎన్‌ఏ అక్షరాల పొడవున్న ముక్క ఒకటి ఎప్పుడో తెగి, తలకిందులై, మళ్ళీ అతుక్కుంది. ఆ తిరగబడిన ముక్క వల్ల ఒక జన్యువు ఉండకూడని చోట పనిచేసి తురాయిని గులాబిగా మారుస్తుంది. తెగిన చోట మాత్రం మరో జన్యువు పాడైంది. అది పుంజు వీర్యానికి సంబంధించినది. ఒక్క కాపీ పాడైతే ఇబ్బంది లేదు. రెండూ పాడైన పుంజుకు, అంటే తురాయి విషయంలో ‘స్వచ్ఛమైన’ పుంజుకు, వీర్యకణాలు చురుగ్గా ఈదలేవు. ఒకే దొడ్లో రెండు గులాబి పుంజులు తిరుగుతుంటే, ఒంటి తురాయి జన్యువును గుట్టుగా మోస్తున్నదే ఎక్కువ పిల్లలకు తండ్రవుతుంది. పెంపకందారు తురాయి చూసి ఏరుతున్నాడు, ప్రకృతి వీర్యం చూసి ఏరుతోంది. వందేళ్ళ పోటీలో గెలుపు ప్రకృతిదే.

ఒక పుంజు లోపల ఒంటి తురాయి దాక్కుందో లేదో తెలుసుకోవాలంటే దాన్ని ఒంటి తురాయి పెట్టలతో కలపండి. ఒక్క పిల్లకు ఒంటి తురాయి వచ్చినా గుట్టు రట్టయినట్టే. గుట్టు ఉన్న పుంజుకు వరసగా ఏడు పిల్లలు గులాబి తురాయితోనే పుట్టే అవకాశం 128లో ఒకటి. కాబట్టి ఏడు పిల్లలు చూస్తే దాదాపు నమ్మేయొచ్చు. బఠాణి తురాయికీ ఇదే పరీక్ష పనికొస్తుంది. తురాయి విషయం ఇంత తేలిక. ఒకటి రెండు జన్యువులు, రెండు తరాలు, ఓపికుంటే ఒక నోటుబుక్కు చాలు.

ఈక రంగు ఇంకాస్త గడుసుది. తెలుగువాళ్ళు పుంజు రంగులకు పెట్టిన పేర్లు ఒక శాస్త్రంలా ఉంటాయి. నల్లది కాకి, తెల్లది సేతువ, ఎర్రది డేగ, మెడ మీద నల్ల ఈకలుంటే సవల, నలుపూ తెలుపూ కలిస్తే పర్ల, వీపు మీదో రెక్కల మీదో పసుపు తేలితే నెమలి. ఏ ఘడియలో ఏ రంగు గెలుస్తుందనే జాతకం సంగతి పక్కన పెడితే, కంటితో ఇంత నిశితంగా విడదీసిన తరాలను మెచ్చుకోవాల్సిందే. ఈ రంగులన్నిటికీ ముడిసరుకు రెండే: నలుపు వర్ణకం, ఎరుపు వర్ణకం. ఎక్కడ ఏది పరచాలి, ఎక్కడ ఆపాలి, ఎక్కడ పలచబరచాలి అని చెప్పే జన్యువులు కొన్ని. సేతువకు వర్ణకమే లేదనుకోవడం మాత్రం పొరపాటు. చాలా తెల్ల కోళ్ళు లోపల రంగును దాచుకున్నవే.

దీన్ని చూడాలంటే ప్రయోగశాల అక్కర్లేదు. గుడ్ల ఫారాలు వయసైపోయిన లెగ్‌హార్న్ పెట్టలను తీసేసి చవగ్గా అమ్మేస్తాయి. ఊళ్ళో ఎవరో రెండు తెచ్చి పెరట్లో వదులుతారు. ఊరి డేగ పుంజుతో కలిసి అవి పెట్టిన గుడ్లను నాటుపెట్ట కింద పొదిగిస్తే, దిగే పిల్లలు దాదాపు అన్నీ తెల్లనివే. పెద్దయ్యాక అక్కడక్కడా సిరా చిందినట్టు నల్లమచ్చలు, కొన్నిటికి రొమ్ము మీద తుప్పు ఛాయ. ఇల్లాలికి నిరాశ. లెగ్‌హార్న్ తెలుపు బహిర్గత గుణం, ఒక్క కాపీ ఉన్నా నలుపును అణిచేస్తుంది, ఎరుపును మాత్రం పూర్తిగా అణచలేదు. ఆ తుప్పు ఛాయ అందుకే. అసలు వేడుక రెండో తరంలో. ఈ తెల్లపిల్లలు వాటిలో అవి కలిస్తే నాలుగింట ఒకదానికి తెర తొలగిపోతుంది. నల్లవి వస్తాయి, ఎర్రవి వస్తాయి, ఒక్కోసారి ఒళ్ళంతా నలుపూ తెలుపూ అడ్డగీతలతో ఒకటి వస్తుంది. ఈ గీతల కోడి ఎక్కడి నుంచి దిగిందని ఊరంతా అడుగుతుంది. చాలా తెల్ల లెగ్‌హార్న్‌లు తెలుపు కింద ఆ గీతల జన్యువును మోస్తూనే ఉంటాయి. తెల్ల గోడ వెనక పాత బొమ్మ ఉన్నట్టు.

ఇంకో రకం తెలుపు కూడా ఉంది. అది అంతర్గత గుణం, రెండు కాపీలు ఉంటేనే కనిపిస్తుంది. మీ సేతువ ఏ రకమో తెలియాలంటే నల్ల కోడితో కలిపి చూడండి. పిల్లలు తెల్లగా వస్తే మొదటి రకం, నల్లగా వస్తే రెండోది.

గీతల జన్యువుకూ, ఈకకు బంగారు ఛాయ ఇవ్వాలా వెండి ఛాయ ఇవ్వాలా అని తేల్చే జన్యువుకూ ఒక ప్రత్యేకత ఉంది. రెండూ జెడ్ క్రోమోజోము మీద ఉన్నాయి. కోళ్ళలో మనకు తిరగబడిన లెక్క: పుంజుకు రెండు జెడ్‌లు, పెట్టకు ఒక జెడ్, ఒక డబ్ల్యూ. పెట్ట తన జెడ్‌ను కొడుకులకే ఇస్తుంది, కూతురి జెడ్ తండ్రి నుంచే రావాలి. అందుకే ఎర్రటి రోడ్ ఐలాండ్ రెడ్ పుంజును గీతల ప్లిమత్ రాక్ పెట్టతో కలిపితే, పుట్టిన రోజే మగపిల్ల నెత్తిన తెల్లచుక్క ఉంటుంది, ఆడపిల్లకు ఉండదు. పుట్టగానే ఆడా మగా వేరుచేయడం హేచరీలకు పెద్ద ఆదా. పల్లెలో మగపిల్ల కూడా పండక్కి కూరే కాబట్టి మనకు అంత అవసరం లేదు.

పెరట్లో రంగు కేవలం సోకు కాదు. ఆరుబయట తిరిగే తెల్లపిల్ల పైనున్న గద్దకు ఇట్టే కనిపిస్తుంది. హైదరాబాదు సంస్థ వనరాజాను రంగురంగుల ఈకలతో తయారుచేయడానికి ఇదొక కారణం, నాటుకోడిలా కనిపిస్తేనే కొనే గిరాకీ మరో కారణం. రంగు కావాలనుకునేవాళ్ళను తప్పుపట్టడానికి లేదు. రంగు ఒక్కటే చాలనుకుంటే చిక్కు.

పచ్చకాళ్ళ గురించి ఒక మాట. ఇది ఈ జిల్లా సొంత కథ. ఇంటికోళ్ళన్నిటికీ మూలం ఎర్ర అడవికోడి ఒక్కటేనని డార్విన్ రాశాడు. దాని కాళ్ళు పసుపు కావు. మరి ప్రపంచంలో కోట్లాది కోళ్ళకు పసుపు కాళ్ళు ఎక్కడివి? 2008లో స్వీడన్‌లోని ఉప్సాలా శాస్త్రవేత్తలు జన్యువును చదివి చూస్తే, అది భారత ద్వీపకల్పంలో మాత్రమే బతికే బూడిదరంగు అడవికోడిది అని తేలింది. మేతలోని పసుపు పదార్థాన్ని విరగ్గొట్టే ఎంజైము దాని చర్మంలో సరిగా పనిచేయదు. అందుకని పసుపు పేరుకుంటుంది. ఎప్పుడో ఇంటిపెట్టలతో ఈ అడవి పుంజులు కలిశాయి, ఆ పసుపు లోకమంతా పాకింది. దేంకణికోట, అంచెట్టి దాటాక మేలగిరి కొండల్లో, 2014లో ప్రకటించిన కావేరి ఉత్తర అభయారణ్యంలో ఈ కోడి ఇప్పటికీ కూస్తోంది. మైనపు చుక్కల్లాంటి దాని మెడ ఈకలను చేపల గేలాలకు కట్టడానికి ఒకప్పుడు ఇంగ్లండుకు ఎగుమతి చేసేవాళ్ళు. ఇప్పుడు దాన్ని పట్టడం, వేటాడటం నేరం. కొత్త రక్తం కావాలని అడవి గుడ్లు తెచ్చి పొదిగించాలనే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోవాలి.

పసుపు కాలు అంతర్గత గుణం. పచ్చకాళ్ళ పుంజును తెల్లకాళ్ళ పెట్టలతో కలిపితే మొదటి తరంలో ఒక్క పచ్చకాలు కూడా రాకపోవచ్చు. సంతలో మోసపోయామని అనుకోవద్దు, ఇంకో తరం ఆగాలి.

ఇక గుడ్డు. ముందు దాని పెంకు రంగు, ఎందుకంటే బజారులో ధర పలికేది అదే. గుడ్డు పెట్టలో ఒక రోజు ప్రయాణం చేస్తే అందులో సుమారు ఇరవై గంటలు పెంకు తయారీకే పోతాయి. గోధుమరంగు చివరి గంటల్లో పైపూతగా పడుతుంది. అందుకే విరిచి చూస్తే లోపలివైపు తెల్లగానే ఉంటుంది. పెట్ట బెదిరినా, జబ్బు పడినా పూత పలచబడుతుంది. ఈ రంగు చాలా జన్యువుల ఉమ్మడి పని. తెల్లగుడ్డుకూ గోధుమగుడ్డుకూ పోషకాల్లో తేడా లేదు, తేడా పెట్ట తిన్న మేతలో ఉంటుంది. ఫారం గుడ్లను టీ డికాక్షన్‌లో ముంచి నాటుగుడ్లని అమ్మే ఘనులు ఉన్నారు. అసలు గోధుమగుడ్డును అతినీలలోహిత దీపం కింద పెడితే ఎర్రగా మెరుస్తుంది. నోట్లు పరీక్షించే చిన్న దీపం చాలు.

నీలిగుడ్డు వేరే కథ. చిలీ దేశపు అరౌకానా కోళ్ళు నీలిగుడ్లు పెడతాయి. పెంకు లోపలా బయటా నీలమే. ఎప్పుడో ఒక వైరస్ కోడి క్రోమోజోములో దూరి ఉండిపోవడం వల్ల పైత్యరసపు నీలం పెంకులోకి దిగుతోందని 2013లో తేలింది. ఒక్క జన్యువు, బహిర్గతం. విశేషం ఏమిటంటే అది మొదటి క్రోమోజోము మీద బఠాణి తురాయి జన్యువుకు పక్కనే ఉంది. రెండూ విడిపోవడం నూటికి మూడు నాలుగు సార్లు మాత్రమే. అందుకే ఆ జాతి సంకరాల్లో తురాయి చూసి ఏ పుంజు కూతుళ్ళకు నీలిగుడ్డు ఇస్తుందో చాలావరకు చెప్పేస్తారు. పుంజు నెత్తి మీద గుడ్డు సంగతి రాసి ఉన్న సందర్భం ఇదొక్కటే. అసీలు పుంజుకు ఈ లెక్క వర్తించదు. దాని బఠాణి తురాయి పక్కన నీలం లేదు.

మిగిలింది గుడ్ల సంఖ్య. నాటుపెట్ట పది పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. ఇరవయ్యొక్క రోజులు పొదుగు, తర్వాత రెండు నెలలు పిల్లల వెనక తిరుగుడు. ఏడాదికి మూడు నాలుగు దఫాలు. గుణించి చూస్తే ముప్ఫై నుంచి అరవై. అది సోమరితనమనుకుంటే పొరపాటు, ఆ పెట్ట మూడు పనులు చేస్తోంది. ఫారం లెగ్‌హార్న్ పొదుగునే మరిచిపోయి ఏడాదికి 300 దాటుతుంది. మధ్యలో గ్రామప్రియ ఆరుబయట తిరుగుతూ 160 నుంచి 180 వరకు పెడుతుంది. కరెంటు ఇంక్యుబేటరు లేని ఇంట్లో పొదుగు మరిచిన కోళ్ళే నిండితే వచ్చే ఏటికి పిల్లలుండవు. గంపలో ఇసుకా గడ్డీ పరిచి, బొగ్గుముక్క ఒకటి పెట్టి, గ్రామప్రియ గుడ్లను నాటుపెట్ట కింద పొదిగించే ఇల్లాలు ఈ రెండు గుణాలనూ ఒకే పెట్టలో కోరకుండా రెండు పెట్టలకు పంచింది. తెలివైన పద్ధతి.

గుడ్ల సంఖ్యను ఎంపికతో పెంచబోయి బోల్తాపడిన కథ ఒకటి అందరూ తెలుసుకోవాలి. అమెరికాలో మెయిన్ రాష్ట్రపు ప్రయోగ క్షేత్రంలో గోవెల్ అనే ఆయన 1898లో, ఏ పెట్ట ఏ గుడ్డు పెట్టిందో తెలిసేలా తలుపు తనంతట తానే మూసుకునే గూళ్ళు పెట్టించాడు. ఏడాదికి 160 గుడ్లు దాటిన పెట్టలే తల్లులు. 200 దాటిన పెట్టల కొడుకులే పుంజులు. సుమారు పదేళ్ళు ఇలా ఏరాడు. మంద సగటు పెరగలేదు. 1907లో లెక్కలు చేతికి తీసుకున్న రేమండ్ పెర్ల్ పద్ధతి మార్చాడు. పుంజును దాని తల్లి గుడ్లతో కాకుండా దాని కూతుళ్ళ గుడ్లతో తూచాడు. ఏ పుంజు కూతుళ్ళు వరసగా బాగా పెడుతున్నాయో ఆ కుటుంబాన్నే నిలిపాడు. అప్పుడు సగటు కదిలింది.

ఎందుకంటే ఒక పెట్ట పెట్టే గుడ్ల సంఖ్యలో పుట్టుకతో వచ్చే వాటా నూటికి పది నుంచి ముప్ఫై వరకే. మిగతాది మేత, వెలుతురు, జబ్బులు, అదృష్టం. పక్కింటి పెట్ట 90 గుడ్లు పెట్టిందంటే ఆ ఇంట్లో రాగులు ఎక్కువ దొరికి ఉండొచ్చు. పది మంది అక్కచెల్లెళ్ళు కలిసి బాగా పెట్టినప్పుడే అది రక్తంలో ఉందని నమ్మాలి. గుడ్డు బరువులో పుట్టుక వాటా నలభై, యాభై దాకా ఉంటుంది. కాబట్టి గుడ్డు సైజును త్వరగా పెంచొచ్చు. కానీ సైజు పెరిగితే సంఖ్య తగ్గే మొగ్గు ఉంది. రెండూ ఒకేసారి కోరుకునేవాళ్ళు దీన్ని గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు సంతకు మళ్ళీ వద్దాం, ఈసారి లెక్కతో. బఠాణి తురాయి స్వచ్ఛంగా నాలుగింట ఒకటి, కోరుకున్న రంగు నాలుగింట ఒకటి, పచ్చకాళ్ళు నాలుగింట ఒకటి అనుకుందాం. మూడూ కలిసిన పిల్ల 64లో ఒకటి, మగపిల్లే కావాలంటే 128లో ఒకటి. ఏటా ముప్ఫై పిల్లలు దించే ఇంట్లో అది నాలుగేళ్ళకు ఒకటి. అది కనబడగానే దాన్నే పుంజుగా ఉంచేస్తాం, దాని అక్కచెల్లెళ్ళు ఎన్ని గుడ్లు పెట్టాయో అడిగే ఓపిక అప్పటికి మిగలదు. అడిగి, కాదనుకుని, వదులుకునేందుకు ఇంకో పుంజు కూడా ఉండదు. రంగు కోసం వాడేసిన ప్రతి అవకాశం గుడ్డు దగ్గర తగ్గుతుంది.

ఇంకో నష్టం మేనరికం. ఒక్క పుంజు, పది పెట్టలతో నడిచే మందలో తరానికి సుమారు 14 శాతం చొప్పున రక్తం దగ్గరవుతుంది. అవే పది పెట్టలకు నాలుగు పుంజులుంటే అది సుమారు నాలుగున్నర శాతానికి దిగుతుంది. రక్తం దగ్గరయ్యేకొద్దీ ముందు తగ్గేవి పొదిగే గుడ్లూ బతికే పిల్లలూ. గుడ్లను ఏడో రోజున టార్చి వెలుగుకు పెట్టి చూస్తే, సాలెగూడులా నరాలు కనిపించాల్సిన చోట ఖాళీగా వెలిగే గుడ్లు ఏటేటా ఎక్కువవుతుంటే ముందుగా అనుమానించాల్సింది పుంజునే. వనరాజా, గిరిరాజ, గ్రామప్రియ పెట్టుకున్నవాళ్ళకు ఇంకో హెచ్చరిక. అవి వేర్వేరు వంశాల సంకరాలు. వాటి గుడ్లనే పొదిగించి మంద పెంచుకుంటే రెండో తరం రంగులోనూ గుడ్డులోనూ చెదిరిపోతుంది. పిల్లలను మళ్ళీ కేంద్రం నుంచే తెచ్చుకోవాలి.

నాటు మందనే నమ్ముకున్నవాళ్ళు చేయదగింది ఇది. ఊళ్ళో నాలుగిళ్ళవాళ్ళు కలిసి నాలుగు పుంజులు పెట్టుకోండి, ఏటా ఒక ఇంటి పుంజు పక్కింటికి మారాలి. ఒక్కో పుంజు పిల్లల కాలికి ఒక్కో రంగు దారం కట్టండి, కాలు లావెక్కేకొద్దీ దారం మార్చండి. పెట్టలు గుడ్డుకొచ్చాక గోడ మీది క్యాలెండరులో ఏ దారం పెట్ట ఎన్ని పెట్టిందో రోజూ గీత గీయండి. ఏడాది తర్వాత ఏ దారానికి గీతలు ఎక్కువున్నాయో చూసి, ఆ రంగు దారం కట్టిన మగపిల్లల్లో నుంచి వచ్చే ఏటి పుంజును ఏరండి. తురాయీ ఈకా అప్పుడు చూసుకోవచ్చు. పోచంపల్లి సంతకు పోయే తొందరలో ఆ పుంజును మాత్రం అమ్మేయకండి.